రోజూ సైకిల్ మీద ఆఫీసుకు: ఏ బట్టలు, ఏ హెల్మెట్?

మియాపూర్_సైకిల్
మియాపూర్ నుంచి హైటెక్ సిటీ దాకా రోజూ సైకిల్ మీదే వెళ్దామని మొదలుపెట్టాను. తొక్కడం కష్టంగా లేదు, కష్టమంతా బట్టల దగ్గరే. ఆఫీసు చేరేసరికి చొక్కా వీపుకు అంటుకుపోతోంది. ప్యాంటు కుడికాలి అంచు చైన్ గ్రీజుతో నల్లబడింది. షాపుకు వెళ్తే ఒంటికి అతుక్కునే జెర్సీ, ప్యాడ్ ఉన్న నిక్కరు, గ్లోవ్స్, కళ్లజోడు, షూ అన్నీ కలిపి సైకిల్ ధరలో సగం చెప్పారు. ఇంట్లో నాన్నగారేమో బండి హెల్మెట్ ఉండగా ఇంకోటి దండగ అంటున్నారు. నేను పోటీలకు వెళ్లేవాడిని కాదు, ఉద్యోగానికి వెళ్లేవాడిని. నిజంగా ఏది కొనాలి, ఏది అక్కర్లేదు? రోజూ తొక్కేవాళ్లు చెప్పండి.

బెజవాడ_బాబాయ్
షాపులో చెప్పినవేవీ నేను వాడను, హెల్మెట్ మాత్రం పెట్టుకుంటాను. బందరు రోడ్డు మీద ఏళ్ల తరబడి మామూలు ప్యాంటు, చొక్కాతోనే తొక్కుతున్నాను. కుడికాలికి రబ్బరు బ్యాండు వేసుకోండి. చైన్ ఉండేది కుడివైపే కాబట్టి ఎడమకాలికి అక్కర్లేదు. మరక పడ్డచోట గిన్నెలు తోమే లిక్విడ్‌ని పొడిగుడ్డ మీదే రుద్ది, కాసేపు ఆగి ఉతకండి. ముందే నీళ్లలో నానబెడితే గ్రీజు అంత తేలిగ్గా వదలదు.

డ్రైఫిట్_దాస్
బాబాయ్ గారితో ఒప్పుకోలేను. రెండు మూడు కిలోమీటర్లకైతే మామూలు బట్టలు చాలు. మియాపూర్ నుంచి అంటే అరగంట పైమాటే, మధ్యలో ఎత్తులు కూడా ఉన్నాయి. కాటన్ చొక్కా చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది. ఆ తడితో ఏసీలోకి వెళ్తే వణుకు. పల్చటి పాలిస్టర్ టీషర్టుతో తొక్కండి, ఆఫీసు చొక్కా బ్యాగులో పెట్టుకోండి. చేరగానే మార్చేయకండి. తొక్కడం ఆపాక కూడా ఒళ్లు కాసేపు చెమట కక్కుతూనే ఉంటుంది, కొత్త చొక్కా కూడా తడిసిపోతుంది. కింద పార్కింగులో ఓ పది నిమిషాలు నిలబడి, తడి తువ్వాలుతో మెడ, వీపు తుడుచుకుని అప్పుడు వేసుకోండి.

సాగరతీరం_వైజాగ్
దాస్ గారి సలహా హైదరాబాద్ ఎండకు సరిపోతుంది, అక్కడ వేసవి గాలి పొడిగా ఉంటుంది. మా వైజాగ్ ఉక్కపోతకు ఏ బట్టా ఆరదు. గాల్లోనే తేమ నిండిపోయి ఉంటే ఒంటి మీది చెమట ఎలా ఆవిరవుతుంది? ఇక్కడ నాకు పనికొచ్చింది ఒక సైజు పెద్దదైన పల్చటి కాటన్ చొక్కా, లోపల గాలి ఆడేలాగా. పైగా పాలిస్టర్‌కు వాసన పడుతుంది. పొద్దున వేసుకున్న టీషర్టునే సాయంత్రం మళ్లీ తొడుక్కోవాలంటే చాలా ఇబ్బంది.

డ్రైఫిట్_దాస్
వాసన నిజమే. అందుకే ఆఫీసు చేరగానే వాష్‌రూమ్‌లో నీళ్లతో పిండి ఆరేస్తాను. సాయంత్రానికి ఆరిపోతుంది, కాటన్‌ది ఆరదు. ఇంట్లో ఉతికేటప్పుడు బట్టలు మెత్తబడటానికి వేసే లిక్విడ్ మాత్రం వాడకండి. అది పూతలా పట్టేసి చెమటను లాగే గుణం పోగొడుతుంది.

బెజవాడ_బాబాయ్
చొక్కా సంగతి సరే, వీపు తడవడానికి సగం కారణం వీపున తగిలించుకున్న బ్యాగు. ల్యాప్‌టాప్, టిఫిన్ డబ్బా అన్నీ వీపున మోస్తే ఏ గుడ్డ వేసుకున్నా తడవాల్సిందే. వెనక క్యారియర్ బిగించి, దాని పక్కన వేలాడే సంచిలో పెట్టండి. ఏ జెర్సీ కన్నా ఎక్కువ తేడా తెలుస్తుంది.

మియాపూర్_సైకిల్
నా సైకిల్‌కు క్యారియరే లేదు! షాపులో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఈ వారమే వేయిస్తాను.

హనుమకొండ_టీచర్
ఇంతసేపూ మగవాళ్ల ప్యాంటు, చొక్కా గురించే నడిచింది. నేను చుడీదార్‌లో బడికి వెళ్తాను. అన్నిటికన్నా ముందు చున్నీ సంగతి చూసుకోవాలి. భుజాల మీద నుంచి వెనక్కి వేలాడితే చక్రంలోకి వెళ్తుంది, మెడకు బిగుసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. దాన్ని అడ్డంగా వేసుకుని నడుం పక్కన ముడివేసి, కొసలు లోపలికి దోపాలి. లేదంటే బ్యాగులో పెట్టుకుని బడి గేటు దగ్గర వేసుకోవాలి. ప్యాంటు కాళ్ల దగ్గర సన్నగా ఉండాలి, పటియాలా లాంటి వదులువి వద్దు. కుర్తీకి పక్క చీలికలు పొడవుగా ఉంటే మోకాలు లేచినప్పుడు లాగదు. వెనక భాగం మాత్రం సీటు వెనక వేలాడకుండా కూర్చునేటప్పుడే సర్దుకోవాలి.

జొన్నరొట్టె
మేడమ్, చీరతో తొక్కడం కుదురుతుందా? మా అక్క అంగన్‌వాడీకి సైకిల్ మీద వెళ్తానంటోంది. వద్దని మా అమ్మ.

హనుమకొండ_టీచర్
కుదురుతుంది, సైకిల్ సరైనదైతే. ముందు బార్ లేని లేడీస్ సైకిల్, చైన్‌ని పూర్తిగా మూసే కవరు, వెనక చక్రానికి డ్రెస్ గార్డు ఉండాలి. ఆంధ్రాలో బడికొస్తా పథకం కింద ఆడపిల్లలకు ఇచ్చారే, అలాంటి సాదా సైకిల్ దీనికి చాలు. కుచ్చిళ్లు చీలమండ పైకి కట్టి, కొంగు నడుం చుట్టూ తిప్పి దోపుకోమనండి. జార్జెట్ జారిపోతుంది, నేత చీర నిలుస్తుంది. లంగా కింద లెగ్గింగ్ ఉంటే ఎక్కడం దిగడం తేలిక. అమ్మగారికి చెప్పండి, ముందు వీధి చివరిదాకా వెళ్లి వస్తే భయం పోతుంది.

గ్రీజు_చేతులు
నాది సైకిల్ రిపేర్ షాపు. టీచర్ గారి మాటే నా మాట. బట్టలను కాపాడాల్సింది బట్టలు కాదు, సైకిల్. పాత నల్ల సైకిళ్లకు చైన్ కవరు, మడ్‌గార్డులు, క్యారియర్, స్టాండు అన్నీ కంపెనీ నుంచే వచ్చేవి. తెల్లపంచె కట్టుకుని ఊరంతా తిరిగినా మరక పడేది కాదు. ఇప్పటి గేర్ల సైకిళ్లకు చాలావాటికి ఏవీ ఉండవు.

మియాపూర్ గారూ, వెనక గేర్లు మారే సైకిల్‌కు పూర్తి చైన్ కవరు పట్టదు. ముందు పళ్లచక్రం ఒకటే ఉంటే దాని పక్కన గుండ్రటి ప్లాస్టిక్ గార్డు బిగించవచ్చు, సగం గొడవ తీరిపోతుంది. ఇంకో సగం నూనె దగ్గరుంది. చైన్‌కు నూనె కావాల్సింది లోపలి పిన్నులకు, పైన కాదు. ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పైనున్నదంతా పొడిగుడ్డతో తుడిచేయండి. గుడ్డకు నలుపు అంటడం తగ్గేదాకా తుడవాలి. బండిలోంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ మాత్రం పొయ్యకండి, ప్యాంటుకు అంటే మొండి నలుపు అదే.

మియాపూర్_సైకిల్
ఈ ఒక్క చర్చలోనే ఇంత దొరుకుతుందనుకోలేదు. మరి హెల్మెట్? నాన్నగారికి ఏం చెప్పాలి?

జొన్నరొట్టె
బండి హెల్మెట్ ఇంకా గట్టిది కదా, అదే పెట్టుకుంటే తప్పేముంది? మా ఊళ్లో ఒకరిద్దరు అలాగే వెళ్తారు.

తలకొలత
గట్టిదే, కాదనను. కానీ అది కిలో పైన బరువు, సైకిల్‌ది పావుకిలో నుంచి మూడు వందల యాభై గ్రాములు. బండి మీద మనం కదలం, ఇంజిన్ లాగుతుంది, గాలి కొడుతుంది. సైకిల్ మీద లాగేది మన ఒళ్లే. ఏప్రిల్ ఎండలో మూసేసిన హెల్మెట్‌తో తొక్కితే తల ఉడుకుతుంది, మెడ లాగుతుంది, చెవులు మూసుకుపోయి వెనక బండి చప్పుడు వినపడదు. అలా కొన్నాళ్లు పడ్డాక ఏ హెల్మెట్టూ వద్దని పక్కన పడేస్తారు.

సైకిల్ హెల్మెట్‌లో పని చేసేది పైన మెరిసే డొప్ప కాదు, దాని కింది గట్టి థర్మకోల్. తల నేలకు తగిలినప్పుడు అది నలిగి దెబ్బను తను తీసుకుంటుంది. ఒకసారి నలిగితే మళ్లీ అంత పని చేయదు. అందుకే గట్టిగా పడితే, పైకి పగులు కనపడకపోయినా మార్చేయాలి.

లోపల స్టిక్కరు చూడండి. ఈఎన్ 1078 యూరప్ ప్రమాణం, సీపీఎస్‌సీ అమెరికాది. ఈఎన్ 1078 పరీక్షలో హెల్మెట్ చదునైన ఇనుప దిమ్మెకు సెకనుకు 5.42 మీటర్ల వేగంతో తగలాలి. అంటే ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి పడినట్టు, గంటకు 20 కి.మీ.కు కాస్త దగ్గర. సీపీఎస్‌సీలో ఎత్తు రెండు మీటర్లు. సైకిల్ మీంచి పడితే తలకు తగిలే దెబ్బకు లెక్కగట్టి చేసిన వస్తువు ఇది. లారీ గుద్దితే ఆపుతుందని అనుకోకూడదు. ఐఎస్ఐ మార్కుతో కనపడే ఐఎస్ 4151 బండి హెల్మెట్లకు సంబంధించింది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ కూడా మోటారు సైకిళ్ల గురించే. మామూలు సైకిల్‌కు ఆ సెక్షన్ వర్తించదు కాబట్టి మన తల సంగతి మనమే చూసుకోవాలి.

ధర కన్నా సైజు ముఖ్యం. టైలరు టేపు కనుబొమ్మల పైగా తల చుట్టూ తిప్పి, ఎక్కడ ఎక్కువ వస్తే అదే కొలత. పెట్టుకున్నాక కనుబొమ్మకూ హెల్మెట్ అంచుకూ మధ్య రెండు వేళ్లే పట్టాలి. హెల్మెట్ లోపల వెనకున్న చిన్న తిప్పుడు చక్రం బిగించి, గడ్డం పట్టీ పెట్టకుండానే తల ఊపి చూడండి, జారకూడదు. పక్క పట్టీలు రెండూ చెవి కింద కలవాలి. గడ్డం కింద ఒకటి రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. నుదురంతా కనపడేలా టోపీలాగా వెనక్కి తోసి పెట్టుకునేవాళ్లను రోజూ చూస్తున్నాను. ముందుకు పడితే నేలకు తగిలేది ఆ నుదురే.

క్యాజువాలిటీ_నర్సు
తలకొలత గారి చివరి మాట అందరూ రెండుసార్లు చదవండి. మోచేయి, మోకాలు గీరుకుపోతే మానిపోతాయి. తలకు దెబ్బ అలా కాదు. పైకి చిన్న బొప్పే కనపడినా లోపల రక్తస్రావం గంటల తర్వాత బయటపడొచ్చు. పడ్డాక వాంతులు, మగత, పెరిగే తలనొప్పి, మాట తడబడటం ఉంటే, హెల్మెట్ ఉన్నా సరే, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి. "కాసేపు పడుకుంటే తగ్గుతుంది" అని ఇంట్లో ఉంచకండి.

డెల్ఫ్ట్_తెలుగోడు
నేనుండేది నెదర్లాండ్స్‌లో. ఇక్కడ పిల్లల్ని బడికి దింపే తల్లులు, ప్రొఫెసర్లు, ముసలివాళ్లు అందరూ కోటు, బూట్లతో మామూలుగా తొక్కుతారు, హెల్మెట్ దాదాపు ఎవరికీ ఉండదు. రేసు సైకిళ్ల వాళ్లు మాత్రం పెట్టుకుంటారు. హెల్మెట్, జెర్సీ లేకపోతే సైకిల్ ఎక్కకూడదని భయపెడితే ఎక్కేవాళ్లే తగ్గిపోతారని నా భయం. ముందు విడిగా సైకిల్ దారులు అడగాలి. గ్రీజు_చేతులు గారు చెప్పిన పాత నల్ల సైకిల్ ఇక్కడ ఇప్పటికీ ఉంది. నిటారుగా కూర్చోవడం, మూసిన చైన్, వెనక చక్రానికి డ్రెస్ గార్డు, అచ్చం అదే.

సాగరతీరం_వైజాగ్
దారులు అడుగుదాం, తప్పకుండా. కానీ రేపు పొద్దున నేను వెళ్లాల్సింది ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా, డెల్ఫ్ట్ మీదుగా కాదు. దారి వచ్చేదాకా తల ఖాళీగా ఎందుకు ఉంచుకోవాలి?

డెల్ఫ్ట్_తెలుగోడు
వైజాగ్‌లో ఉంటే నేనూ పెట్టుకునేవాడినే. నా అభ్యంతరం హెల్మెట్ మీద కాదు, హెల్మెట్ పెట్టుకుంటే భద్రత పని అయిపోయిందని అధికారులు చేతులు దులుపుకోవడం మీద. హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ కట్టారు, సంతోషం. మియాపూర్ నుంచి ఆఫీసుకు వెళ్లే మనిషికి రోజువారీ దారి ఎక్కడుంది?

మెల్‌బోర్న్_మావయ్య
మాకు చాయిస్ లేదు. విక్టోరియా రాష్ట్రంలో 1990 నుంచి సైకిల్‌కు హెల్మెట్ తప్పనిసరి, లేకపోతే జరిమానా. పెట్టుకోవడం అలవాటైపోయాక ఇబ్బందేమీ లేదు. సెప్టెంబరు, అక్టోబరులో ఇంకో ఉపయోగం కూడా ఉంది. గూళ్లు కట్టే మ్యాగ్‌పై పక్షులు వెనక నుంచి వచ్చి తల మీద పొడుస్తాయి. వాటిని బెదరగొట్టడానికి జనం హెల్మెట్ మీద వైర్లు కట్టే ప్లాస్టిక్ కేబుల్ టైలు ముళ్లలా నిలబెట్టి తిరుగుతారు.

జొన్నరొట్టె
మావయ్యా, ఫోటో పెట్టండి! మా కాకులకు కూడా పనికొస్తుందేమో.

హనుమకొండ_టీచర్
జడ ఉన్నవాళ్లకు ఒక మాట. కొప్పు ఎత్తుగా వేసినా, నడినెత్తిన క్లిప్పు పెట్టినా హెల్మెట్ సరిగ్గా కూర్చోదు, పైన తేలుతుంది. మెడ దగ్గర నుంచి జారుజడ వేసుకోండి. కొన్ని హెల్మెట్లకు వెనక జడ బయటికి వచ్చేంత ఖాళీ ఉంటుంది, కొనేటప్పుడు జడ వేసుకునే వెళ్లి చూడండి. మల్లెపూలు బడికి చేరాకే. కొబ్బరినూనె రాసుకునే అలవాటుంటే లోపలి ప్యాడ్లు త్వరగా జిడ్డుపడతాయి. అవి ఊడి వస్తాయి, షాంపూ నీళ్లతో ఉతికి నీడలో ఆరేస్తే సరి.

తలకొలత
హెల్మెట్ కింద పల్చటి కాటన్ గుడ్డ కట్టుకుంటే చెమట కళ్లలోకి రాదు. మందపాటి టోపీ వద్దు, కొలత మారిపోతుంది. కారు డిక్కీలో ఎండకు వదిలేయకండి. పెట్రోలు, థిన్నరుతో తుడవకండి, థర్మకోల్ కరిగిపోతుంది. అమెరికా సీపీఎస్‌సీ వాళ్లయితే పడకపోయినా 5 నుంచి 10 ఏళ్లలో మార్చమంటారు. తయారీ తేదీ లోపల స్టిక్కరు మీద ఉంటుంది.

డ్రైఫిట్_దాస్
మిప్స్ అని రాసి ఉన్నవి రెట్టింపు ధర చెప్తున్నారు. తీసుకోవాలా?

తలకొలత
స్వీడన్‌లో పుట్టిన పద్ధతి అది. పడేటప్పుడు తల నిటారుగా కాకుండా ఏటవాలుగా తగిలి మెలితిరుగుతుంది. లోపలి పల్చటి పొర కాస్త జారి ఆ మెలిక మెదడుదాకా పోకుండా తగ్గిస్తుంది. డబ్బులుంటే మంచిదే. అమెరికాలో వర్జీనియా టెక్ యూనివర్సిటీ ల్యాబ్ హెల్మెట్లకు స్టార్లు ఇస్తుంది, అందులో ఖరీదైనవే పైన ఉండాలని లేదు. మిప్స్ ఉండి వదులుగా ఉన్నదానికన్నా మిప్స్ లేకుండా తలకు సరిగ్గా పట్టింది కొనండి.

రాత్రిషిఫ్ట్
నా డ్యూటీ అయ్యేది అర్ధరాత్రి దాటాక. బట్టల రంగు గురించి ఎవరూ ఎత్తలేదు. మెరిసే పచ్చ, నారింజ రంగులు పగలు బాగా కనపడతాయి, ఎందుకంటే అవి ఎండలోని అతినీల కిరణాలతో వెలుగుతాయి. రాత్రి వీధిలైటు కింద ఆ వెలుగు ఉండదు. రాత్రికి కావాల్సింది బూడిద రంగు రిఫ్లెక్టర్ పట్టీ, కారు లైటు పడితే ఆ వెలుగును వచ్చినవైపే తిప్పి కొడుతుంది. ఆ పట్టీ వీపు మీద ఒక్కటే కాదు, చీలమండలకూ కట్టుకోండి. పెడల్‌తో పాటు అది పైకీ కిందకీ ఆడుతుంటే అదేదో స్తంభమో బోర్డో కాదు, మనిషి తొక్కుతున్నాడని డ్రైవరుకు దూరం నుంచే అర్థమవుతుంది. నల్ల చొక్కా, నల్ల బ్యాగు, లైటు లేని సైకిల్, ఈ మూడూ కలిపి రాత్రి రోడ్డెక్కకండి, దయచేసి.

బెజవాడ_బాబాయ్
బాగా చెప్పారు. బాబాయ్ రబ్బరు బ్యాండు బదులు ఆ రిఫ్లెక్టర్ పట్టీనే కుడికాలికి కడితే రెండు పనులూ అయిపోతాయి.

రాత్రిషిఫ్ట్
అవును, వెల్క్రోతో వస్తాయి, ధర కూడా తక్కువే. కళ్లజోడు కూడా పూర్తిగా కొట్టిపారేయకండి. సంధ్యవేళ చెరువుల పక్క పురుగులు కళ్లలో పడితే క్షణం పాటు రోడ్డు కనపడదు. రంగులేని అద్దాలైతే రాత్రికీ పనికొస్తాయి.

మియాపూర్_సైకిల్
ప్యాడ్ నిక్కరు మాటేమిటి? సీటు నొప్పి కొంచెం ఉంది.

గ్రీజు_చేతులు
ముందు సీటు ఎత్తు, వంపు సరిచేయించండి. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి, సీటు చదునుగా ఉండాలి. మీ దూరానికి అది చాలు.

డ్రైఫిట్_దాస్
గంట పైన తొక్కే ఆదివారాలకు మాత్రం ప్యాడ్ నిక్కరు నిజంగా సుఖం. దాని కింద ఇంకేమీ వేసుకోకూడదు, లోపలి కుట్లు ఒరుసుకునేది అక్కడే. వేసుకున్న ప్రతిసారీ ఉతకాలి. బయటికి ఇబ్బందిగా ఉంటే పైన మామూలు షార్ట్ వేసుకోండి. ఆఫీసుకు మాత్రం నేనూ వద్దనే అంటాను.

సాగరతీరం_వైజాగ్
వానాకాలం మిగిలింది. రెక్కల్లాగా ఎగిరే పాంచో గాలికి తెరచాపలా లాగేస్తుంది, కొస చక్రంలో పడుతుంది. నడుందాకా వచ్చే జాకెట్, చంకల కింద గాలి కన్నాలు ఉన్నది తీసుకోండి. గాలి ఆడని రెయిన్‌కోటులో వానకు తడవకపోయినా చెమటకు తడుస్తాం. కాళ్లకు బూట్ల బదులు వెనక పట్టీ ఉన్న శాండల్స్, పొడి సాక్సులు బ్యాగులో. హవాయి చెప్పులు పెడల్ మీద జారతాయి. లేసులున్న షూ వేస్తే కుడికాలి లేసు లోపలికి దోపండి.

మియాపూర్_సైకిల్
నాన్నగారికి తలకొలత గారి పోస్టు మొత్తం చదివి వినిపించాను. బరువు సంగతి విన్నాక, ఇప్పుడు ఆయనే నాతో పాటు షాపుకు వస్తానంటున్నారు. క్యారియర్, మడ్‌గార్డులు, హెల్మెట్, వెనక లైటు, కాలి పట్టీలు. జెర్సీ లేదు. చొక్కాలు ఉన్నవే.

జొన్నరొట్టె
పనిలో పనిగా, మా అక్క కూతురికి ఏడేళ్లు. ఇంకో రెండేళ్లు వచ్చేలా పెద్ద సైజు హెల్మెట్ కొంటే నడుస్తుందా?

తలకొలత
నడవదు. బట్టలైతే పెరుగుతుందని వదులుగా కుట్టిస్తాం, హెల్మెట్ అలా కాదు. పడినప్పుడు పక్కకు జరిగిపోతే ఉన్నా లేనట్టే. వెనకున్న తిప్పుడు చక్రంతో మూడు నాలుగు సెంటీమీటర్లు పెరగనిచ్చేవి ఉంటాయి, ఇప్పటి కొలతకు దగ్గరి కొస పట్టేది చూడండి. ఇంకోటి, పార్కులో సైకిల్ దిగి జారుడుబండ, ఉయ్యాల ఎక్కే ముందు హెల్మెట్ తీయించాలి. కమ్మీల మధ్య హెల్మెట్ ఇరుక్కుంటే గడ్డం పట్టీ గొంతుకు బిగుస్తుంది.

క్యాజువాలిటీ_నర్సు
ఇది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. మీ అక్కకు తప్పకుండా చెప్పండి.

జొన్నరొట్టె
ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. రేపు టేపుతో పాప తల కొలిచి ఇక్కడే పెడతాను, సైజు మీరే చెప్పాలి.